కాళ్ళకు దిగిన నీరు

ఎసట్లో బియ్యం వేసి, వసుమతి చీర కొంచెం ఎత్తి పిక్కను వేలితో నొక్కి చూసింది. పడిన గుంట పూడలేదు. వాళ్ళమ్మకూ ఇలాగే కాళ్ళకు నీరు పట్టింది. కిడ్నీలు చెడి, చూస్తుండగానే పోయింది. అది గుర్తొస్తే చాలు, తను పోతే పాపకు జడ ఎవరు వేస్తారన్నదాకా పోతుంది ఆలోచన. ఒకసారి మొగుడు సీతారామ్‌తో చెప్పింది. "తిని కూసుంటే నీరు పట్టక ఏమైతాది?" అన్నాడు.

కూర్చోవడమట! ఈ ఇంటికొచ్చాక ఆమె పగలు కూర్చున్నదెప్పుడు? మామ ఎదుట కోడలు కూర్చోకూడదు. పావగడ బజారులో మామ కేశవమూర్తిది శనక్కాయల వ్యాపారం. కొత్త కాయ వస్తే అంగడి చాలక బేరాలన్నీ ఇంటి ముందరి పడసాలకే వస్తాయి. ఆయన చాప మీద నుంచి చూస్తే వంటిల్లంతా కనబడుతుంది. వానల్లేక కాయ తాలుపోయిన ఏడాది బేరాలు మరీ సాగుతాయి, కాఫీలూ సాగుతాయి. ఒకప్పుడు కత్తిపీట ముందైనా కూలబడేది. "నీ కోసమే, ఇంక వంగే పనిలేదు" అని సీతారామ్ గ్యాసుపొయ్యికి గట్టు కట్టించాక కూరలు తరగడమూ నిలబడే; ఆ కాస్త కూర్చోవడమూ పోయింది.

పాపకు జ్వరమని తీసుకుపోతే, డాక్టరమ్మ చూపు వసుమతి పాదాల మీద పడింది. పట్టుబట్టి పరీక్షలన్నీ చేయించింది.

"కిడ్నీలు బాగుండాయి, గుండె బాగుండాది. భయం లేదమ్మా."

"మరి ఈ నీరు యాడిదమ్మా?"

"చిన్నప్పుడు ఒప్పులకుప్ప తిరిగినావా? ఎదుటి పిల్ల లాగేకొద్దీ ఏం చేసేదానివి?"

"ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని."

"రక్తనాళం లోపలి పొరలో కణాలూ అంతే. ఒకదాన్నొకటి పట్టుకోనుంటాయి. లాగితే పట్టు బిగిస్తాయి. మరి విడవకుండా లాగుతానే ఉంటే?"

"చేతులు జారిపోతాయి."

"పొద్దస్తమానం నిలబడితే రక్తం బరువంతా కాళ్ళల్లోనే. ఆ గోడలు సాగి, పట్టు సడలి, సందుల్లోనుంచి నీరు కండలోకి దిగుతాది. నీకు మందు కంటే ముందు కూసోడం కావాల. కాళ్ళు ఎత్తిపెట్టుకోని కూసో."

బస్టాండు దాటేదాకా వసుమతి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే నడిచింది. అంత సంతోషం. తను చావదు, పాపకు తనే జడ వేస్తుంది. కంటికైనా కనబడని ఆ కణాలు ఇన్నేళ్ళూ తనలో చేతులు పట్టుకుని ఓర్చుకున్నాయంటే వాటిమీద జాలేసింది. అంతవరకూ తన మీద తనకు జాలి కలగలేదు.

ఇంట్లో బేరం జోరుమీదుంది. వసుమతి అందరికీ కాఫీ ఇచ్చింది. లోపలికెళ్ళి, మామకు కనబడేచోటే పీట వేసుకుని కూర్చుంది. శనక్కాయల మూట మీదికి కాళ్ళు చాపింది. పడసాలలో మాటలు ఆగిపోయాయి.

"ఏందమ్మా, ఒంట్లో బాగలేదా?" అన్నాడు మామ.

"బాగుండాది మామా. బాగుండాలనే కూసున్నా."

అత్త కన్యకమ్మ గట్టు దగ్గర నుంచి గబగబా వచ్చింది. తిట్లు తప్పవనుకుంది వసుమతి. అత్త ఆ కాళ్ళను చూసింది, పడసాల వైపు చూసింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కిందికి దిగుతుంటే ఆమె చీరంచు పైకి జరిగింది. ఆ పాదాలు వసుమతి పాదాల కంటే ఉబ్బి, నల్లబడి ఉన్నాయి.

"కాళ్ళు కొంచెం జరుపు పిల్లా," అంది అత్త. "నావీ పెడతా."