బర్మా తుపాకి

షంషాబాద్‌లోని ప్రేమయ్య గారి ముందుగదిలో ఆ శనివారం మధ్యాహ్నం హాజరైనవారు, వచ్చిన క్రమంలో: మొదట రాజేంద్రనగర్ నుండి ఆయన చెల్లెలు ప్రేమావతి, తరువాత ఒకప్పుడు ఆయన శిష్యుడైన చర్చి కమిటీ కార్యదర్శి శామ్, చివరగా శామ్ పిలిపించిన స్వర్ణలత గారు, పట్నంలోని ఒక మ్యూజియంలో పాత ఆయుధాల గదిని ఏళ్ల తరబడి చూసుకొని పదవీ విరమణ చేసిన అధికారిణి. విశ్రాంత ఇంగ్లీషు ఉపన్యాసకులైన ప్రేమయ్య గారు చొక్కా గుండీలన్నీ పెట్టుకొని ఉదయం నుండే అక్కడ ఉన్నారు. తుపాకిని గోడ మీది మేకుల నుండి దింపి, దుప్పటి పరచిన టేబుల్ మీద పడుకోబెట్టారు.

మరునాడు చర్చి కొత్త హాలు ప్రారంభం. గోడలో అమర్చే రాతి మీద సంఘపు తొలి కుటుంబాలకు ఒక్కొక్క పేరు, ఆ పేరు కింద ఆ మనిషి చేసిన పని. మిగతావారివన్నీ చెక్కడం అయిపోయింది. ప్రేమయ్య గారు ఇచ్చిన వాక్యం మాత్రం ఆగిపోయింది: ‘బర్మా యుద్ధంలో పోరాడిన సిపాయి ఆశేర్ గారు.’ కమిటీలో ఎవరో ఋజువేదని అడిగారు. ఋజువు ఈ తుపాకే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో తండ్రి బర్మా నుండి తెచ్చింది. తండ్రి ముఖం ప్రేమయ్య గారికి గుర్తు లేదు. ఊహ తెలిసినప్పటి నుండి ఆయనకు తండ్రి అంటే గోడ మీది ఈ ఇనుపగొట్టమే.

ఫోను మోగింది. ఆరాంఘర్ నుండి రాళ్లు చెక్కే గోపయ్య.

“సారూ, రాయి ముంగట వెట్టుకొని కూసున్న. పొద్దుగూకినంక నాతోని కాదు. చెక్కాల్నా, వద్దా?”

“కొంచెం ఆగవయ్యా. పరిశీలన జరుగుతోంది.”

ప్రేమయ్య గారు కూర్చున్నారు. లేచి కిటికీ దాకా వెళ్లారు. ఇంటి మీదుగా విమానం దిగుతుంటే అలవాటు ప్రకారం అందరూ మాట ఆపి, అది దాటిపోయాక మళ్లీ అందుకున్నారు.

“ఇది ఇంగ్లీషు రైఫిల్ అని నా అభిప్రాయం,” అన్నారు ఆయన. “చూడగానే తెలుస్తుంది.”

స్వర్ణలత గారు గొట్టంలోకి సన్నని లైటు దించి, కన్ను పెట్టి చూశారు. “రైఫిల్ అనరాదు సార్. రైఫిల్ అయితే లోపల మెలికలు తిరిగిన గాడులుంటయ్. ఇది నున్నగ ఉన్నది.”

ఒక పదాన్ని తాను తప్పుగా వాడడమా? ప్రేమయ్య గారి చెవులు వేడెక్కాయి. వెళ్లి దుప్పటి అంచు సరిచేశారు. అది సరిగానే ఉంది.

“ముద్ర కూడ ఎక్కడా లేదు,” అన్నారామె, తుపాకిని తిప్పుతూ. “మందును పేల్చే ఈ గుర్రం లోపలి స్ప్రింగు లారీ కమాను పట్టీ కోసి చేసింది. ఈ మర సైకిలుది. మన దిక్కు కమ్మరి పని, మంచి పనే. చూసేటందుకు రెండు వందల ఏండ్లదాని లెక్క ఉంటది గని, మీకంటె పెద్దది కాకపోవచ్చు. పైగా బర్మా యుద్ధం నాటికి ఏ పల్టన్ల గూడ ఇటువంటివి లేవు. గొట్టం నోట్లె మందు నింపి, గుండు కూరి, బెత్తంతోని దట్టించి...”

“అగో, అదే గదా బర్మారు!” అంది ప్రేమావతి.

“బర్మా,” అన్నారు ప్రేమయ్య గారు యథాలాపంగా.

“ఇగ మొదలువెట్టిండు. బర్మా గాదన్నా, బర్మారు. అమ్మ అన్న మాట.”

“అవును,” అన్నారు స్వర్ణలత గారు. “భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. పల్లెలల్ల దీని పేరే అది.”

ఆ గదిలో ఆ క్షణాన ఉర్దూ తెలియనివారెవరూ లేరు. అందరికంటే బాగా వచ్చినవారు ప్రేమయ్య గారే.

“అమ్మ బర్మా అనలేదా?” అన్నారాయన నెమ్మదిగా.

“అమ్మ బర్మారు అంటే నువ్వు దిద్దినవ్. బడి నుంచి అట్లాసు తెచ్చి, బర్మా గిక్కడుంటదని ఏలు వెట్టి సూపిచ్చినవట. బాపు పట్నం దాటి ఎన్నడు పోయిండు? ఆయన పోయినంక మేనమామ చేపిచ్చిన తుపాకి గిది.”

“మరి ఇంతకాలం నోరు మెదపలేదేం?”

“నువ్వు అడిగినవా? నీ ముచ్చటకు అమ్మ నవ్వేది. సదువుకున్నోడు చెప్తుండు, కానీయ్ అనేది.”

శామ్ పైకప్పు వైపు చూశాడు. నవ్వు దాచుకోవడానికి అతనికి వేరే చోటు దొరకలేదు.

“ఇంకొకటి,” అన్నారు స్వర్ణలత గారు. “భుజానికి ఆనిచ్చే ఈ కట్టెను ఎవరో కురచగ కోసిండ్రు. చేతులు పొట్టిగ ఉన్న మనిషి కోసం. అరిగిన జాడ కూడ ఎడమ చెంప ఆనే దిక్కున్నది. ఎడమచేతి వాటం మనిషి పట్టిన తుపాకి సార్ ఇది.”

ప్రేమయ్య గారు చెల్లెలి వైపు చూశారు.

ఎడమచేత్తో గరిటె తిప్పే మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. అమ్మ ఎడమ భుజం మీద నల్లగా కమిలిన మచ్చను ప్రేమయ్య గారు చిన్ననాడు రోజూ చూశారు. నీళ్ల బిందె ఒరుసుకుని అయిందనుకున్నారు. బిందెను ఆమె ఏనాడూ భుజాన పెట్టలేదు, నెత్తినే మోసేది. తెల్లారి వచ్చి పడుకునే అమ్మ దగ్గర పటాకుల వాసన వచ్చేది. క్రిస్మస్ కాని రోజుల్లో కూడా.

“జొన్నచేన్లకు పందులు వడుతుండె,” అంది ప్రేమావతి. “రావిర్యాల గుట్టల కింద మన చేనొక్కటే కాదు, ఆ వరుసంత అమ్మనే కావలి కాసింది. ఆ చేన్ల అక్కలు, వదినెలు ఇంత గింజలు వోసేది. నీ హాస్టలు గట్లనే నడిచింది.”

ఫోను మళ్లీ మోగింది. ప్రేమయ్య గారు తీయలేదు. టేబుల్ దగ్గరికి వెళ్లి, ఎన్నడూ ముట్టనంత జాగ్రత్తగా తుపాకి ఎత్తి, ఎడమ భుజానికి ఆనించుకున్నారు. కట్టె ఆయనకు చాలలేదు. మోచెయ్యి పక్కకు విరుచుకుని నిలబడింది.

“సిపాయి అనే ఉంచుదామా సార్?” అన్నాడు శామ్. “మీ మాటకు ఎవ్వరు అడ్డం రారు. కమిటీకి నేను చెప్పుకుంట.”

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ప్రేమయ్య గారు ఆ మాట వైపు మొగ్గారు. తుపాకిని దించారు.

“అక్కరలేదు.”

“పేలదు గని, ఠాణాల ఒక మాట చెప్పి పెట్టుండ్రి,” అని స్వర్ణలత గారు లైటు సంచిలో వేసుకున్నారు.

ప్రేమయ్య గారు గోపయ్యకు తామే ఫోను చేసి, నిటారుగా నిలబడి, పదం పదం చెప్పారు.

“బర్మానా సారూ, బర్మారా?” అని అడిగాడు గోపయ్య. “తప్పుంటె నేనే సరిజేస్త.”

“బర్మారు. మా అమ్మ మాట. దిద్దకు.”

మరునాడు ఉదయం హాలు గోడలో రాయి ఇలా ఉంది:

‘శ్రీమతి కౌసల్యమ్మ గారు. భర్త ఆశేర్ గారి మరణానంతరము రావిర్యాల గుట్టల కింద బర్మారు తుపాకితో ఒంటరిగా కావలి కాసి, తన చేనును, ఇరుగుపొరుగు చేలను కాపాడి, బిడ్డలను చదివించినారు. వారి ధైర్యమును ఈ సంఘము కృతజ్ఞతతో గుర్తించుచున్నది.’