రాళ్ల గుట్టలు ఎటుంటే అటు

తలుపు కొట్టింది రచయిత అని చూడగానే గైడు చేతిలో తాడు ఆగిపోయింది. ఆ మొహం మళ్లీ తన గుమ్మంలో కనిపిస్తుందని ఆమె అనుకోలేదు. కనిపిస్తే ఏమేం తిట్టాలో మాత్రం శీతాకాలమంతా కూడబెట్టుకుంటూనే ఉంది.

ఊళ్లో ఆమెని చిటపటమ్మ అనేవారు, ఎదురుగా కాదు, నాలుగడుగులు దూరం జరిగాక. కొండల్లో దారి చూపించడం ఆమె పని, అంతకుముందు వాళ్ల నాన్న పని. గోడ నిండా మేకులు, మేకులకు తాళ్లు, పొయ్యి పక్కన ఆరబెట్టిన బూట్లు, మూల నిలబెట్టిన స్ట్రెచరు, ఇదీ ఆమె గది. ఏటా మంచు కరిగే ముందు తాళ్లన్నీ దించి, మూర మూరా వేళ్లతో తడిమి, ఎక్కడైనా పోగు తెగిందేమో చూసుకుంటుంది.

రెండేళ్ల క్రితం ఈ పెద్దమనిషే ఈ గదిలో కూర్చుని, ఆమె వండింది తిని, కొండ వెనక సరస్సు చూపించమని కాళ్లావేళ్లా పడ్డాడు. "ఒక్క ముక్క రాయనక్కా, ఒట్టు" అన్నాడు. ఆమె నమ్మింది. మొన్న చలికాలంలో పుస్తకం వచ్చింది, జనం అడుగుపెట్టని చోట్ల గురించి. మొదటి అధ్యాయమే ఆ సరస్సు. పైగా సంతకం పెట్టి ఒక కాపీ ఆమెకి పోస్టులో పంపాడు, ఏదో ఉద్ధరించినట్టు. ఆమె ఒక్క పేజీ తిప్పకుండా దాన్ని కుంటి బల్ల కాలికింద పెట్టింది. బల్ల ఊగడం మానేసింది కానీ ఆమె ఒళ్లు మండటం మానలేదు.

"ఏం సార్, ఇంకో సరస్సు కావాలా? అయిపోయాయి."

"అక్కా, నేను దిగిన లాడ్జి నుంచి నిన్న పొద్దున ముగ్గురు సరస్సుకి వెళ్లారు. నా పుస్తకం చదివి వచ్చినవాళ్లే. మొగుడూ పెళ్లాం, ఆ అమ్మాయి తమ్ముడు. చీకటి పడకముందే దిగాలి. ఇంకా రాలేదు."

కూడబెట్టుకున్న తిట్లన్నీ గొంతులోనే ఉండిపోయాయి. ఆమె పక్కగదిలోకి కేకేసింది. "అన్నయ్యా, స్ట్రెచరు తియ్యి!" తర్వాత రచయిత వైపు తిరిగింది. "మీరూ నడవండి. రాసినంత తేలిగ్గా ఉంటుందో లేదో చూద్దురుగాని."

మంచుకి మూసుకుపోయిన బస్సు దారి తెరుచుకుని నాలుగు రోజులే అయింది, సరస్సు వైపు ఎక్కింది ఇంకా ఆ ముగ్గురే. వీధిలో అప్పుడే నడవడానికి చోటు లేదు. లాడ్జి ముందు గుడ్డ బ్యానరు: ఏకాంతం కోరేవారికి గదులు కలవు. దానికిందే చిన్న అట్టముక్క: గదులు ఖాళీ లేవు. చూసి నవ్వుకునే ఓపిక ఆమెకు లేదు. ముగ్గురు మనుషులు రాత్రంతా కొండమీద ఉండిపోయారు.

గంటన్నర ఎక్కాక మొదటి చీలిక వచ్చింది. సరస్సు దారిలో అలాంటివి ఏడున్నాయి. ఏడింటి దగ్గరా తప్పుదారి మొదట్లో నడుమెత్తు రాళ్ల గుట్ట ఉంటుంది. ఇటు రావద్దని. అన్నిచోట్లా మంచిదారికి గుర్తు పెడతారు, వీళ్ల నాన్న మాత్రం చెడుదారికి పెట్టాడు. మంచిదారిని మంచు ఏటా కాస్త అటూ ఇటూ జరుపుతుంది, దానికి గుర్తు పెట్టి లాభం లేదని ఆయన లెక్క. లోయలోకి దించే దారి మాత్రం ఎప్పటికీ అక్కడే ఉంటుంది. ఈ చుట్టుపక్కల పశువులు కాసేవాళ్లకీ కట్టెలకి వెళ్లేవాళ్లకీ, అందరికీ ఈ సంగతి తెలుసు. బయటివాళ్లకి మాత్రం సరస్సు ఊసే ఎత్తేవాడు కాదు ఆయన.

గుట్ట దాటి, తప్పుదారిలో, మూడు జతల బూట్ల అచ్చులు ఉన్నాయి.

"అంత గుట్ట కనబడలేదా వీళ్లకి?" అన్నాడు అన్నయ్య. ఆమెకూ అర్థం కాలేదు.

అరగంట దూరంలో దొరికారు. దారి సన్నబడి, రాతి అంచుగా మారి, ఆ అంచు కూడా విరిగిపోయిన చోట. భార్య, తమ్ముడు గోడకి వీపులు ఆనించి బిగుసుకుని కూర్చున్నారు. భర్త రెండు నిలువుల లోతున, ఒక బండమీద పడి ఉన్నాడు. కాలు తిరగకూడని వైపు తిరిగింది. ఊపిరుంది. ఇంకో రెండడుగులు అవతల పడి ఉంటే వెతకాల్సిన పనే ఉండేది కాదు.

అన్నయ్య పైన తాడు పట్టాడు, ఆమె దిగింది. కాలికి కర్రలు కట్టి అతన్ని పైకి చేర్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడు అడిగింది, ఆ భార్యనే.

"రాళ్లు అడ్డంపెడితే ఎందుకు దాటారమ్మా?"

"అడ్డమా?" ఆ అమ్మాయి సంచీలోంచి పుస్తకం తీసి, మూల మడిచిన పేజీ ఆమె చేతికిచ్చింది. "ఇందులో అలాగే ఉంది కదండీ."

ఆమె చదివింది. 'దారి చీలిన ప్రతిచోటా రాళ్ల గుట్టలు కనిపిస్తాయి. అవి ఎటుంటే అటు నిశ్చింతగా సాగిపొండి.'

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇదే పేజీ నాలుగు నెలలుగా తన బల్ల కాలికింద ఉంది. పంతం కొద్దీ చూడలేదు. చూసి ఉంటే ఈ మనిషి కాలు విరిగేది కాదు. ఆ కోపం ఎవరిమీద తీర్చుకోవాలో తెలియక మొత్తం ఎదురుగా ఉన్నవాడి మీదే కుమ్మరించింది.

"నా వెనకాలే నడిచావు కదరా! ఏ గుట్టవైపైనా నిన్ను తీసుకెళ్లానా?"

రచయిత నీళ్లు నమిలాడు. "ఇంటికెళ్లాక గుర్తుచేసుకుని రాశాను. నేను తిరిగిన ప్రతిచోటా గుట్ట అంటే ఇటు రమ్మనే..."

"నన్ను అడగొచ్చు కదా? నోరు పడిపోయిందా?"

"అడిగితే..." అతను తల వంచుకున్నాడు. "అడిగితే రాస్తున్నానని నీకు తెలిసిపోతుందని."

అన్నయ్య ఆమె జబ్బ పట్టుకోకపోతే అక్కడ ఇంకో కాలు విరిగేది.

సాయంత్రం ఆసుపత్రి వరండాలో, ఆమె చెప్పాల్సింది చెప్పింది. ఆ పేజీ చింపేయాలి. రచయిత తల అడ్డంగా ఊపాడు. "ఊరూరా వేల కాపీలు వెళ్లిపోయాయక్కా. తర్వాతి ముద్రణలో దిద్దిస్తాను. ఈ రాత్రే లాడ్జీలన్నీ తిరిగి నోటితో చెప్తాను. కానీ రేపు బస్సు దిగేవాళ్లకి? ఎల్లుండి దిగేవాళ్లకి? బోర్డు పెడదామా?"

"బోర్డు కనిపిస్తే వెనక్కి తిరగండి, అది మంద వెళ్లే దారి అని కూడా రాశావటగా. ఆ అమ్మాయే చెప్పింది."



"గుట్టలు పీకేద్దాం" అన్నాడు అన్నయ్య.

"పీకేస్తే వెడల్పుగా ఉన్నదాంట్లోకి పోతారు. మొదట్లో వెడల్పుగా ఉండేది తప్పుదారే."

ఇంక ఒక్కటే మిగిలింది. అదేమిటో ముగ్గురికీ తెలుసు. గుట్టల్ని తప్పుదారి మీంచి తీసి మంచిదారి మీద పెట్టాలి. అప్పుడెవరూ పడరు. అందరూ నేరుగా సరస్సుకి చేరతారు, రోజుకి రెండొందలమంది, సీసాలతో, పొట్లాలతో. నాన్న ఇన్నేళ్లు దాచింది ఆమె తన చేతులతో అప్పగించాలి. లేదంటే స్ట్రెచరు మోస్తూ బతకాలి.

"పొద్దున్నే రా" అంది రచయితతో. "రాళ్లు నువ్వు మోస్తావు."

తెల్లారుతూనే అన్నయ్య ఇంటింటికీ బయల్దేరాడు, ఇవాల్టి నుంచి గుర్తు తిరగబడిందని పశువుల కాపరులకి చెప్పడానికి. ఆమె, రచయిత పైచివరి చీలిక నుంచి మొదలుపెట్టి కిందికి దిగుతూ వచ్చారు. అతని అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. ఆగుదామన్నాడు. ఆమె ఆగనివ్వలేదు. ఐదో గుట్ట దగ్గర అతను ఏడ్చాడు. ఆమెకి జాలి కలగలేదు, తనకి ఏడుపు రానందుకు ఒళ్లు మండింది. అడుగున ఉన్న పెద్దరాళ్లు మాత్రం ఆమే ఎత్తింది. అవి నాన్న పెట్టినవి, వాటిని అతని చేత ముట్టించబుద్ధి కాలేదు.

మొదటి చీలిక దగ్గర ఏడో గుట్టకి చివరి రాయి పెడుతుండగా కిందినుంచి మాటలు వినిపించాయి. ఆరోజు బస్సు దిగినవాళ్లు, ఇరవైమందికి తక్కువ ఉండరు. ముందు నడుస్తున్నావిడ గుట్టని చూసి ఆగింది. చేతిలో పుస్తకం తెరిచింది, గుట్టని చూసింది, మళ్లీ పుస్తకం చూసింది. మొహం వెలిగిపోయింది.

"చూశారా!" అంది వెనక్కి తిరిగి. "అక్షరం పొల్లుపోకుండా రాశాడు మహానుభావుడు!"

రచయిత వాళ్లకి వీపు తిప్పి నిలబడ్డాడు. చిటపటమ్మ పళ్లు బిగించి, మట్టిచేతులు వెనక్కి పెట్టుకుని, వాళ్లకి దారిచ్చింది.