ఏమస్ పాట ఎవరూ ఎత్తుకోరు

ఏమస్ థర్కెల్ చనిపోయాడని రాయడానికి నాకు ఒక్క తేదీ కావాలి.

ఆరేళ్లుగా అతని జీవితచరిత్ర రాస్తున్నాను. యార్క్‌షైర్ తీరంలో చేపల పడవల మీది పాటల్ని లండన్ దాకా తీసుకెళ్లిన గాయకుడు. నాలుగు రికార్డులు. ముప్పై ఏళ్ల కిందట ఒక కచేరీలో పాట మధ్యలో ఆపి, వేదిక దిగి వెళ్లిపోయాడు. తర్వాత జాడ లేదు. మరణాల రిజిస్టర్లు, చర్చి పుస్తకాలు, సమాధి రాళ్లు అన్నీ వెతికాను. నా భర్త పోయాక మా ఇంట్లో వినపడే మగ గొంతు టేపులోని ఏమస్‌దే.

ఆదివారం మధ్యాహ్నం ఆ తీరంలోనే ఉన్న స్కార్బీలో బస్సు దిగాను. అతను మొదటిసారి పాడింది అక్కడి పబ్బు మేడమీది గదిలో. ఆ చిరునామాకి మూడు ఉత్తరాలు రాసినా జవాబు రాలేదు. తలుపు దగ్గర గడ్డం ముసలాయన నా చేతిలో లాటరీ చీటీ పెట్టాడు. లోపల ఇరవై మంది ఉన్నారు. ప్రతి ఆదివారం ఊరివాళ్లు అక్కడ చేరి పాడుకుంటారు. పాటలు నడిపించేది హిల్డా, చేపల దుకాణం ఆవిడ. ఏమస్ గురించి అడిగితే అందరూ వాన గురించి మాట్లాడారు. వచ్చినవాళ్లు ఏదో ఒకటి పాడాల్సిందేనని హిల్డా నన్ను నిలబెట్టింది.

నాకు పూర్తిగా వచ్చిన పాట ఒక్కటే. అతను మధ్యలో ఆపేసింది.

అక్కడ ఎవరు పాడినా పల్లవి గదంతా అందుకుంటుంది. అప్పటిదాకా కిటికీ అద్దాలు అదురుతూనే ఉన్నాయి. నా పల్లవి వచ్చింది. ఒక్క గొంతూ లేవలేదు. రెండోసారీ అంతే. ఆపేశాను.

“తప్పు పాడానా?”

“బాగానే పాడావు తల్లీ,” అంది హిల్డా. “కానీ అది ఇంకొకళ్ల పాట. మనిషి బతికుండగా అతని పాట ఇక్కడ ఎవరూ ఎత్తుకోరు. పోయాక అందరం పాడతాం.”

అనేశాక నాలిక కరుచుకుంది. నాలుగైదు జతల కళ్లు తలుపు వైపు వెళ్లి, చటుక్కున వెనక్కి వచ్చాయి.

గడ్డం ముసలాయన చీటీల డబ్బా మూస్తున్నాడు. ఏమస్ రికార్డు అట్ట మీది ఫొటోలో ఉన్నవి ఆ కళ్లే.

“ఉత్తరాలావిడవి నువ్వేనా? మంచి కాగితం. పొయ్యి అంటించడానికి బాగా పనికొచ్చింది.”

ఆ రోజు కచేరీలో పాట ఎందుకు ఆపేశారని అడిగాను. ఆ పాట ఎప్పుడూ చెల్లెలు లాటీతో కలిసి పాడేవాడట. ఆమె పోయిన నెలకి ఒక్కడే వేదికెక్కాడు. పల్లవి దగ్గర అలవాటుగా ఆమె గొంతు కోసం ఆగాడు.

“నా ఒక్కడి గొంతే వినపడింది. అదెలా ఉంటుందో నీకూ ఇందాక తెలిసింది కదా.”

సంచిలోంచి నోటుబుక్కు తీశాను.

“బతికున్నానని రాశావంటే లండన్ వాళ్లంతా మళ్లీ పాడమని వస్తారు. నేను పోయాక రాసుకో. పాట కూడా నువ్వే ఎత్తుకో. అప్పుడు వీళ్లు అందుకుంటారు.”

పుస్తకం పూర్తయింది, చివరి పేజీ తప్ప. ప్రతి ఆదివారం పబ్బుకి ఫోన్ చేసి, ఏమస్ పాట ఎత్తుకోవచ్చా అని అడుగుతాను. ఇప్పుడే వద్దంటుంది హిల్డా. ఫోన్ పెట్టేసి, ఒక్క కప్పు టీ కలుపుకుని టేపు వేస్తాను. చరణం అతనితో కలిసి పాడతాను. పల్లవి రాగానే నోరు మూసుకుంటాను.