గార్డు ఒక్కపొద్దు

సీతారాండేరాలో అసిరమ్మ ఇంటి కుక్క శనివారాలు ఏమీ తినదని ఆ వీధిలో అందరికీ తెలుసు. కుక్క పేరు గార్డు. ఆ పేరు పెట్టింది అసిరమ్మ భర్త సన్యాసిరావు. ఆయన టాటానగర్‌ రైల్వేలో వ్యాగన్లు తనిఖీ చేసే పనిలో ఉండి రిటైరయ్యాడు.

ఆ ఇంట్లో శనివారం ఒక్కపొద్దు. వెంకటేశ్వరస్వామి మొక్కు. పగలు ఒకసారే భోజనం చేస్తారు, రాత్రికి రొట్టెలు. చేప ఇంట్లోకి రాదు. మిగతా రోజుల్లో గార్డుకి మెత్తటి అన్నంలో చేప తలకాయ ఉడికించిన నీళ్ళు కలిపి పెడతారు. శనివారం దానికీ రొట్టే.

కార్తీకమాసం వెళ్ళాక ఒక శనివారం గార్డు రొట్టె వాసన చూసి వదిలేసింది. తర్వాతి శనివారం కూడా ముట్టలేదు. అలా కొన్ని వారాలు గడిచేసరికి అసిరమ్మని అక్క వరసతో అప్పా అని పిలిచే పక్కింటి గౌరీదేవి పువ్వులు తెచ్చింది. అసిరమ్మ కుక్క నుదుట బొట్టు పెట్టబోతే గార్డు కళ్ళు మూసి తల వంచింది.

"సూసేవా అప్పా, దణ్ణం ఎడతన్నాడు," అంది గౌరీదేవి. "మా ఇంట్లో మగోడు శనోరం కోడి మానలేడు. గార్డుని సూసైనా సిగ్గు తెచ్చుకోమని సెప్పేను."

"ఏటన్నాడు?"

"కుక్కకి ఏటి తెల్సు కోడి రుసి అన్నాడు."

తర్వాత మరో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. అసిరమ్మ వాళ్ళకి టీ ఇచ్చింది.

మాఘమాసంలో ఒక మంగళవారం గార్డు చేపనీళ్ళ అన్నం కూడా సగంలో వదిలేసింది.

"మంగళోరం కూడా పట్టేడు," అంది అసిరమ్మ.

మనవరాలు యోగిత కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది. ఇంట్లోవాళ్ళు తెలుగులో అడిగితే ఆమె హిందీలో జవాబిస్తుంది.

"నాన్నమ్మా, యే వ్రత్ నహీ హై. బీమార్ హై."

"జబ్బని నీకేటి తెల్సు? నువ్వు ఒక్క శనోరం టీ మానగలవేటి?"

సన్యాసిరావు లేచి వచ్చాడు. ఆగిన గూడ్సు పక్కన నడుస్తూ ఇరుసు పెట్టెలకి చేతి వెనకవైపు ఆనించి చూడటం ఆయన ఉద్యోగం. వేడిగా ఉంటే ఆ వ్యాగన్ని పక్కన పెట్టేవారు. ఆయన అలాగే గార్డు ముక్కుకి, పొట్టకి చెయ్యి ఆనించాడు.

"బాక్సు సల్లగుంది. జొరం నేదు."

"తాతా, యే వ్యాగన్ నహీ హై," అంది యోగిత.

ఆమె కొన్నాళ్ళుగా గార్డుని గమనిస్తోంది. నీళ్ళు తాగేటప్పుడు తల ఒక పక్కకి వాలుస్తోంది. ఎడమ చెంపని గుమ్మానికి రుద్దుతోంది. అంతకుముందు ఎవరి చెప్పు కనిపించినా నోట కరుచుకుపోయేది, ఇప్పుడు చెప్పుల జోలికి పోవడం లేదు. వదిలేసిన రొట్టె మీద చొంగతో పాటు ఎర్రటి చార కనిపించింది.

ఇవన్నీ చెప్పకుండా యోగిత నాన్నమ్మ చెయ్యి పట్టుకుని గార్డు కుడి చెంప మీద పెట్టింది. గార్డు తోక ఊపింది. అదే చేతిని ఎడమ చెంప మీద పెట్టింది. గార్డు కళ్ళు మూసి తల వంచింది.

అసిరమ్మ చేతిలో బొట్టు లేదు. ఆమె చెయ్యి తీసి మళ్ళీ పెట్టింది. గార్డు మళ్ళీ తల వంచింది. కంటి కింద గడ్డ ఆమె వేళ్ళకి తగిలింది.

"ఆటోని పిలు," అంది అసిరమ్మ. "ఎక్కడికే తీసికెళ్ళాలి?"

మాంగో పేటలో వంతెన దిగాక పశువైద్యుడు సౌరభ్ క్లినిక్ ఉంది. ఆయన గార్డు పెదవి ఎత్తి టార్చి వేశాడు. పైవరస ఎడమవైపు పెద్ద పన్ను నిలువునా చీలి ఉంది. దాని వేరు దగ్గర చీము పట్టింది.

"కబ్ సే?" అని అడిగాడు.

"శనోరాలు పట్టిన కాడి నుంచి," అంది అసిరమ్మ. ఆ మాట డాక్టరుకి అర్థం కాలేదు. యోగిత దాన్ని హిందీలో చెప్పలేదు. కార్తీకమాసం తర్వాత నుంచి అని మాత్రం చెప్పింది.

గట్టి ఎముక ఏదైనా పెట్టారా అని డాక్టరు అడిగాడు. యోగిత నాన్నమ్మ వైపు చూసింది. కార్తీకమంతా ఆ ఇంట్లో నీచు వండలేదు. నెల వెళ్ళాక మొదటి ఆదివారం మటన్ తెచ్చారు. నెలంతా కుక్క కూడా తమతో పాటే మానిందని అసిరమ్మ దానికి కాలి ఎముక వేసింది.

"మైనే దియా," అంది అసిరమ్మ. "బడా వాలా."

కుక్క తింటోందంటే నొప్పి లేదని కాదు అని డాక్టరు చెప్పాడు. ఆకలి వేస్తే నొప్పితోనే తింటుంది. మెత్తటి అన్నం నమలకుండా మింగవచ్చు, రొట్టెని నమలాలి. మూలుగుతుందని ఎదురు చూడకూడదు, చాలా కుక్కలు మూలగవు.

"ఇంకా ఆలస్యమైతే?" అని యోగిత అడిగింది.

చీము కంటి దాకా పోతుందని ఆయన అన్నాడు. ముందు మందులిచ్చి, వాపు తగ్గాక మత్తు పెట్టి పన్ను తీశాడు. కన్ను దక్కింది.

ఆ తర్వాతి శనివారం గౌరీదేవి పువ్వులతో వచ్చింది. గార్డు గిన్నెలో జావ తాగుతోంది. పక్కన అసిరమ్మ కూర్చుని ఉంది.

"ఏటప్పా, ఒక్కపొద్దు ఇడిసేసేడా?"

"ఒక్కపొద్దు కాదు. పన్ను నొప్పి. నాకు తెలీనేదు."

లోపలి గదిలో సన్యాసిరావు టీవీ చప్పుడు తగ్గించాడు. గౌరీదేవి పువ్వుల పొట్లం మళ్ళీ మడిచింది.

"మరి వచ్చినోళ్ళందరికీ ఏటి సెప్తావు?"

"ఇదే సెప్తాను."

గౌరీదేవి గుమ్మంలో కూర్చుంది. గార్డు గిన్నె ఖాళీ చేసి అడుగు నాకింది.

"మా అత్త గురువారాలు కూడా పట్టింది అప్పా," అంది గౌరీదేవి. "సంకురాత్రి ఎల్లినకాడి నుంచి. ఆ రోజు మంచినీళ్ళే."

అసిరమ్మ గిన్నె తీసుకుని లేచింది.

"ఓపాలి నోరు తెరిపించి సూడు," అంది.