బయటివాళ్ళ పుస్తకం

మా ఆయనకి ఏ దురలవాటూ లేదు. సిగరెట్టు ముట్టరు, పేకముక్క పట్టరు, గొంతెత్తి మాట్లాడరు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. నలుగురు కూర్చున్న చోట ఎవరైనా “ఈ పని ఎవరు చేస్తారు?” అని అడిగితే చాలు, ఆయన చెయ్యి గాల్లోకి లేస్తుంది, నోట్లోంచి నా ఊసు బయటికొస్తుంది.

“మా ఆవిడ చేస్తుందండీ. ఇంట్లో ఖాళీయేగా!”

ఈ ఒక్క మాట పుణ్యమా అని పదిహేడేళ్ళలో నేను బడి వార్షికోత్సవానికి కాగితపు పూలు కత్తిరించాను, పై వాటా వాళ్ళ చిలకకి వారం రోజులు జామకాయలు తినిపించాను, ఆయన పై అధికారి కూతురి పెళ్ళికి నాలుగు వందల కవర్ల మీద చిరునామాలు రాశాను. ఖాళీగా ఉన్నదాన్ని కాబట్టి ఇవన్నీ వంటా, ఉతుకూ, ఊడుపూ అయ్యాక చేశాను.

ఈసారి ఆయన చెయ్యి లేచింది డ్రిల్లు మాస్టారి కారు షెడ్డులో.

మా వీధిలో ఇరవై రెండు ఇళ్ళు. ప్రతి ఇంటి గేటు పక్కనా మొక్కలకి నీళ్ళు పట్టే ఇత్తడి కుళాయి ఒకటుంటుంది. ఒక సోమవారం మూడో ఇంటి కుళాయి మాయమైంది. గొట్టానికి చెక్క బిరడా కొట్టి ఉంది. మర్నాడు నాలుగో ఇంటిది. అక్కడా బిరడాయే. నీళ్ళు వృథా కాకుండా బిరడా కొట్టి మరీ వెళ్ళే దొంగ ఎంత బుద్ధిమంతుడో ఎవరికీ తట్టలేదు, నాతో సహా. వార్త మాత్రం మొదటింటి దగ్గర రెండు కుళాయిలుగా బయల్దేరి, మధ్యలో మూడై, చివరింటికి ఐదై చేరింది.

డ్రిల్లు మాస్టారు రిటైరై ఆరేళ్ళయింది గానీ ఆయన మెడలో ఈల ఇంకా రిటైరు కాలేదు. ఆదివారానికల్లా వీధి కాపలా సంఘం పెట్టేశారు. రాత్రి కాపలా మగవాళ్ళు పంచుకున్నారు. అంటే ఎవరి మంచం మీద వాళ్ళు పడుకుని చెవులు రిక్కించడం. ఇక పగలు ఎవరు చూస్తారన్నారు. మా ఆయన చెయ్యి లేచింది.

అలా నా చేతికి ఒక పొడుగాటి రూళ్ళ పుస్తకం, మెడకి ఒక ఈల వచ్చాయి.

“బయటివాళ్ళు ఎవరు కనిపించినా రాయండమ్మా,” అన్నారు మాస్టారు. “టైము, మనిషి, చేస్తున్న పని. అంతే. మీ అభిప్రాయాలు అక్కర్లేదు.”

నిజం చెప్పొద్దూ, నాకు సరదాగానే అనిపించింది. కాలేజీలో నా నోట్సు కోసం ఆడపిల్లలు వరస కట్టేవాళ్ళు. పెళ్ళయ్యాక నా చేతిరాత పాలవాడికి పెట్టే చీటీలూ, పరాయి పెళ్ళి కవర్లూ దాటి ఎదగలేదు. ఇంట్లో డబ్బాల మీద పేర్లు కూడా మా ఆయనే రాస్తారు. ఉప్పు డబ్బా మీద ‘ఉప్పు’ అని, టార్చిలైటు మీద ‘టార్చిలైటు’ అని చీటీ అతికిస్తే గానీ నిద్రపట్టని మనిషి ఆయన.

బయటివాళ్ళంటే ఎవరో మాస్టారు చెప్పలేదు, నేనూ అడగలేదు. గేటు దాటి బయటికొస్తే ప్రతివాళ్ళూ బయటివాళ్ళే కదా అని అందరినీ రాశాను. కొంచెం కొంటెతనం కూడా ఉందనుకోండి.

‘9.40. ఏడో ఇంటి కోడలు. గేటు దగ్గర ఫోను. అత్తగారి గురించి.’

‘11.30. డ్రిల్లు మాస్టారు. మా గోడ మీంచి ఈ పుస్తకంలోకి తొంగి చూశారు.’

‘3.15. పదో ఇంటి తాతగారు. బిస్కెట్టు ప్యాకెట్టు. ఇల్లు చేరేలోపు ఖాళీ. డాక్టరు వద్దన్నారు.’

రోజూ తొమ్మిదింటికి, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా వచ్చేది ఇస్త్రీ అక్క. వీధి మలుపులో గోడ నీడన బండి నిలబెట్టి పదకొండేళ్ళుగా మా అందరి ముడతలూ తీస్తోంది. మొదటి రోజే నా ఒళ్ళో పుస్తకం చూసి అడిగింది.

“నన్నూ రాశావా అమ్మా?”

“రాశాను.”

“ఏమని?”

“ఇస్త్రీ బండి వచ్చింది అని.”

“దానంతటదే వచ్చిందా? తోసిన మనిషి లేదూ?”

మర్నాటి నుంచి ‘ఇస్త్రీ అక్క, బండి తోసుకుని’ అని రాశాను. “ఆఁ, ఇప్పుడు బాగుంది,” అని పెట్టెలో బొగ్గులు ఊదుకుంది.

నెల తిరిగేసరికి మాస్టారు పుస్తకం పరిశీలనకని పట్టుకెళ్ళి, గురువారం నాడు, వీధివాళ్ళని వదిలేసి పరాయివాళ్ళ పేర్ల కిందే గీసిన ఎర్ర సిరా గీతలతో తిరిగి తెచ్చారు. మొహం వెలిగిపోతోంది.

“దొంగ దొరికిందమ్మా. మీ పుస్తకమే పట్టిచ్చింది. ఈ నెలలో అందరికన్నా ఎక్కువసార్లు తిరిగిన బయటి మనిషి ఆ ఇస్త్రీ ఆవిడే. యాభై రెండుసార్లు!”

“రోజూ వస్తుంది, రోజూ వెళ్తుంది. ఇరవై ఆరు రోజులకి యాభై రెండు. రెండో ఎక్కమే కదండీ మాస్టారూ?”

“అసలు రోజూ ఎందుకొస్తుందంటాను?”

“ఇస్త్రీ చెయ్యడానికి.”

“అదే మరి! పైకి అలాగే కనపడాలి.” గొంతు తగ్గించారు. “పైగా ఆవిడ పెట్టె దేంతో చేసింది? ఇత్తడితో. పోయిన కుళాయిలు? ఇత్తడివి.”

మా ఇంట్లో గుమ్మం గడియ కూడా ఇత్తడిదేనని చెబుదామనుకున్నాను. ఆ వరసలో నన్నూ దొంగని చేస్తారని ఊరుకున్నాను. ఆదివారం మీటింగులో తీర్మానం, సోమవారం నుంచి మలుపులో బండి ఉండకూడదు, అని ఈల సవరించుకుని వెళ్ళిపోయారు.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా మలుపు దగ్గరికి వెళ్ళాను. అప్పటికే ఎవరో చెప్పేశారు. అక్క తలెత్తలేదు. ఒక చొక్కా చెయ్యి మీద పెట్టె అటూ ఇటూ తిప్పుతోంది, ముడత పోయి చాలాసేపయినా.

“నీ రాత గుండ్రంగా ఉంటుందంటగా అమ్మా. నా మీదే రాయాలా?”

“అక్కా, నేను టైము రాశానంతే.”

“టైముకి రాకపోతే మీరే తిడతారు. వస్తే దొంగనంటారు.” పెట్టె దించింది. “మలుపు పోతే పోయింది, ఇంకో మలుపు చూసుకుంటాను. కానీ ఈ వీధిలో దొంగ అన్నాక, పక్క వీధిలో నా చేతికి ఒక్క దుప్పటి ఇచ్చేదెవరు? చెప్పు.”

నా అక్షరాలతో ఒక మనిషి బతుకు తుడిచెయ్యబోతున్నారు. ఇంటికొచ్చి పుస్తకం తెరిచి, ఆ ఎర్ర గీతల కింద నుంచి కొత్త పేజీ మొదలుపెట్టాను. ‘శుక్రవారం. కాపలాదారు స్వయంగా. కుళాయిల లెక్క.’

మర్నాడు ఇరవై రెండు గేట్లూ తొక్కాను.

“మీ కుళాయి పోయిందటగా పిన్నిగారూ?” అంటే తొమ్మిదో ఇంటావిడ, “మాదా? శుభమా అని ఇక్కడే ఉంది. పోతుందేమో అన్నాను, అంతే,” అంది. పద్నాలుగో ఇంటివాళ్ళది వాళ్ళ మేనల్లుడు కాలితో తన్ని విరగ్గొట్టాట్ట, వాళ్ళే కొత్తది పెట్టించారు. పందొమ్మిదో ఇంటి దర్జీ, “అందరివీ పోతుంటే మాది పోలేదంటే చిన్నతనంగా ఉండదూ?” అన్నాడు. సాయంత్రానికి లెక్క తేలింది. పోయినవి రెండే. మూడో ఇంటిది, నాలుగో ఇంటిది.

శనివారం మధ్యాహ్నం కుక్కరు పిడి ఊడింది. బిగిద్దామని మా ఆయన పనిముట్ల సంచీ దించాను. స్క్రూడ్రైవరు కోసం చెయ్యి పెడితే చల్లగా, బరువుగా ఏదో తగిలింది. పాత బనీను గుడ్డలో చుట్టిన రెండు ఇత్తడి కుళాయిలు. ఒక్కోదానికీ దారంతో కట్టిన చీటీ.

‘3వ ఇల్లు. కారుతోంది. వాషరు మార్చాలి.’

‘4వ ఇల్లు. అదే.’

కుక్కరు పిడి అలాగే ఉండిపోయింది.

ఆదివారం పొద్దున ఆయన టీ గ్లాసు పక్కన ఆ రెండు కుళాయిలూ నిలబెట్టాను.

“ఓ, ఇవా!” అన్నారు, తప్పిపోయిన చుట్టాలు కనబడ్డట్టు. “ఆ సైజు వాషరు దొరకలేదే.”

“ఎవర్నడిగి తీశారు?”

“వాకింగు వెళ్తుంటే టప్ టప్ మని ఒకటే కారుడు. పొద్దున్నే తలుపు కొట్టి లేపడం మర్యాద కాదు కదా! బాగుచేసి పెట్టేద్దామని…”

“నెల రోజులుగా వీధి వీధంతా కుళాయి దొంగ అని అరుస్తుంటే మీ చెవులు ఎక్కడున్నాయి?”

“వాళ్ళు ఐదు పోయాయన్నారు. నేను తీసినవి రెండే. ఇవి వేరే, అవి వేరే అనుకున్నాను.”

“నిజంగా అనుకున్నారా?”

ఆయన టీలోకి చూశారు. టీ ఆయన వైపు చూడలేదు.

“మొదటి వారం అనుకున్నాను. తర్వాత సంఘం పెట్టేశారు. ఈలలు కొనేశారు. ఇక ఏ మొహంతో చెప్పను?” టీ గ్లాసు పక్కకి జరిపి, “ఇప్పుడు గబగబా వెళ్ళి బిగించి వచ్చేస్తే? ఎవరికీ తెలీదు. గొడవా వదిలిపోతుంది,” అన్నారు.

“గొడవ మీకు వదులుతుంది. దొంగ భయపడి పెట్టేసిందంటారు. అక్కకి మాత్రం జన్మంతా వదలదు.”

“పరువు పోతుందే.”

“పోతే పోనీండి. పుస్తకంలో రాస్తాను, మాస్టారు వెతికిపెడతారు.” సంచీ ఆయన ముందుకు తోశాను. “పదింటికి మీటింగు. మీరు చెప్పకపోతే ఈ చీటీలు నేను చదువుతాను. మీ నోటితో చెబితేనే మర్యాద. ఈ పనికి మాత్రం మా ఆవిడ చేస్తుందని చెయ్యెత్తకండి.”

కారు షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలన్నీ నిండిపోయాయి. ఇస్త్రీ అక్కని గేటు దగ్గరే నిలబెట్టారు. నా కుర్చీ తీసుకెళ్ళి ఆవిడ పక్కన వేశాను. ఆవిడ కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు. కుర్చీ ఒక్కటే సుఖపడింది. మా ఆయన వెనక వరసలో సంచీ ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నారు.

మాస్టారు ఈల ఊది తీర్మానం చదవబోయారు.

“ముందు పుస్తకం చదవాలండీ,” అన్నాను.

“మీకిచ్చిన పని రాయడం అమ్మా, చదవడం కాదు.”

“మా కాలేజీలో రెండూ ఒకే ఫీజుకి నేర్పారు.” పుస్తకం తెరిచాను. “ఎక్కువసార్లు కనిపించినవాళ్ళే దొంగలు కదా మీ లెక్కన? ఇస్త్రీ అక్క, యాభై రెండు. ఏడో ఇంటి కోడలు, డెబ్భై. డ్రిల్లు మాస్టారు…” గొంతు సవరించుకున్నాను. “నూట నలభై మూడు. అందులో ఇరవై తొమ్మిదిసార్లు పరాయి గేట్ల ముందు వంగి, కుళాయిల వైపు చూస్తూ.”

వెనకెవరో కిసుక్కున నవ్వారు. మాస్టారి మొహం ఆయన సిరా రంగుకి తిరిగింది.

“నేను కాపలా కాస్తున్నానమ్మా! బయటివాళ్ళని రాయమంటే నన్ను రాస్తారా?”

“మీరు బయటే ఉన్నారు మాస్టారూ. లోపల ఉంటే రాసేదాన్ని కాదు.”

ఆయన ఈల ఊదారు. నా మెడలోనూ ఉందిగా, నేనూ ఊదాను. ఆయనకన్నా ఎక్కువసేపు ఊదాను. ఆ తర్వాత కుళాయిల లెక్క చదివాను. తొమ్మిదో ఇల్లు, ఉంది. పద్నాలుగో ఇల్లు, మేనల్లుడు. పందొమ్మిదో ఇల్లు, చిన్నతనం. పోయినవి రెండే రెండు. చదివి, పుస్తకం మూసి, వెనక వరస వైపు చూశాను. అక్కడ సంచీ మీద రెండు చేతులు బిగుసుకున్నాయి తప్ప నోరు తెరుచుకోలేదు.

“రెండైనా దొంగతనం దొంగతనమే,” అన్నారు మాస్టారు. “ఇంక చర్చ లేదు. బండి తీయించాలన్నవాళ్ళు చేతులెత్తండి.”

చేతులు లేవడం మొదలైంది. దర్జీది లేచింది. పిన్నిగారిది, నా వైపు చూడకుండా, సగం లేచింది. ఆ కుళాయి చీటీల మీది మాటలు ముందే దించుకున్న కాగితం కోసం నేను పుస్తకం అట్టలో వెతుక్కుంటున్నాను. అప్పుడు వెనక వరసలో మా ఆయన చెయ్యి లేచింది.

పదిహేడేళ్ళుగా ఆ చెయ్యి ఎన్నోసార్లు లేవడం చూశాను. ఇంత మంట ఎప్పుడూ పుట్టలేదు.

“మీది ఒకటి,” అని లెక్కపెట్టుకున్నారు మాస్టారు.

“ఓటుకి కాదండీ.” ఆయన లేచి నిలబడ్డారు. సంచీలో ఇత్తడి ఇత్తడికి తగిలి చప్పుడయింది. “మాట్లాడ్డానికి.”

వరసల మధ్య నుంచి నడిచి ముందుకొచ్చి, మాస్టారి బల్ల మీద ఒకటి, దాని పక్కన ఇంకొకటి పెట్టారు. చీటీలు వేలాడుతున్నాయి. మూడో ఇంటాయన వంగి తన ఇంటి నంబరు తనే చదువుకున్నాడు. లేచిన చేతులు ఒక్కొక్కటే దిగిపోయాయి. పిన్నిగారు తనది జుట్టు సవరించుకోవడానికి లేపినట్టు దించుకున్నారు.

“నేనే తీశాను. బాగుచేద్దామని. అడగలేదు. తర్వాత చెప్పలేదు. తప్పు…” అని బల్లకి చెబుతున్నట్టు గొణిగారు.

గేటు దగ్గర నుంచి ఇస్త్రీ అక్క గొంతు వచ్చింది.

“బాబుగారూ, నన్ను దొంగ అన్నప్పుడు ఇరవై రెండు ఇళ్ళకీ వినబడింది. ఇదేమిటి, నాకే వినబడ్డం లేదు?”

మా ఆయన తిరిగి గేటు వైపు చూశారు. పెళ్ళయి పదిహేడేళ్ళయింది, గొంతెత్తడం నేనెప్పుడూ వినలేదు. పుస్తకం తెరిచి టైము వేసుకున్నాను. పదీ నలభై.

“తప్పు నాది!” అన్నారు ఆయన, షెడ్డు రేకులు అదిరేలా. “మీది కాదమ్మా. నాది!”