ముసలమ్మకి కొత్త బుర్ర

తవమణి అక్క కంప్యూటర్‌ని శివకాశి క్యాలెండర్ ప్రెస్సులో అందరూ ముసలమ్మ అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది పక్క కంప్యూటర్ కుర్రాడు ఇసక్కి. ముసలమ్మని ఫైలు తెరవమని చెప్పి, బస్సెక్కి విరుదునగర్ వెళ్లి, నూనె పరోటా తిని, చెయ్యి కడుక్కుని శివకాశి తిరిగొచ్చేసరికి తెర మీద మురుగన్ కిరీటం వరకే కనిపిస్తాడనీ, నెమలి కావాలంటే రేపు రావాలనీ వాడు ఏజెంట్లకి నవ్వకుండా చెప్పేవాడు. ఒకాయన నిజంగానే మర్నాడు వచ్చాడు.

ఆ డిజైన్ గదిలో తవమణే పెద్దది. క్యాలెండర్ దేవుళ్లందరికీ ముఖం ఆవిడ చేతిదే. బొమ్మంతా అయ్యాక, ఏజెంట్లకి చూపించే కొత్త క్యాలెండర్ల ఆల్బమ్ విడుదలయ్యే ఆడి నెల పద్దెనిమిదో రోజు పండక్కి ముందురోజు తలస్నానం చేసి వచ్చి, పెన్ను కళ్లకద్దుకుని, అప్పుడు కనుపాపలు పెట్టేది. అప్పటిదాకా దేవుడు తెల్లకళ్లతో నిలబడాల్సిందే. ఆవిడ పెన్నుతో గీసే కంప్యూటర్ పలక కూడా ముసలమ్మ కాలందే. దాని తీగ గుచ్చడానికి కొత్త కంప్యూటర్లలో చోటే లేదు. కొత్త పలక మీద గీయమంటే, పక్కింటి చెప్పులేసుకుని నడుస్తున్నట్టుందనేది.

ఈ ఏడాది ఓనరు రత్నసామి తేల్చి చెప్పేశాడు. "ఈసారి ఆల్బమ్ ఈ డబ్బా మీద టైముకి అందిందా, సరే. అందలేదా, డబ్బా పాత ఇనుముకి, అక్క ఇంటికి."

అక్క టీ గ్లాసు పక్కన పెట్టేసింది. తాగలేదు.

"దిగులుపడకక్కా, ముసలమ్మకి కొత్త బుర్ర పెడతా" అన్నాడు ఇసక్కి.

"నీది కాదు కదరా?"

"నాది దీనికి పట్టదు. మరీ వేడెక్కిపోతుంది."

"వాడితే కదరా వేడెక్కడానికి!"

కంప్యూటర్ సామాన్లమ్మే చెన్నై రిచ్చీ స్ట్రీట్ నుంచి ప్రాసెసర్ చిప్పు వచ్చింది. ఎవరో వాడి వదిలేసిందే గానీ ముసలమ్మ దానికన్నా చాలా చురుకైంది. ఇసక్కి డబ్బా విప్పాడు. లోపలి దుమ్ములో ఎకరం వేరుశనగ పండించొచ్చు. ఫ్యాను ఊడదీసి, రాయిలా ఎండిన పేస్టు గీకి, పాత చిప్పు పైకి తీసి, కొత్తది ఒద్దికగా కూర్చోబెట్టాడు. అక్కడ ఆగి ఒకసారి స్విచ్ వేసి చూసుంటే ఈ కథే లేదు. కానీ పాత చిప్పు అరచేతిలో మెరుస్తోంది. వాడికి చేతులు దురదపెట్టాయి. బైండింగ్ గదికి పరిగెత్తి, క్యాలెండర్లకి చిల్లులు పెట్టే డ్రిల్లు కింద దాని మూల పెట్టి నొక్కేశాడు. చక్కటి చిల్లు. తెచ్చి అక్క తాళాలగుత్తికి తగిలించాడు.

"ఏంట్రా ఇది?"

"తాయెత్తక్కా. ఇన్నేళ్లు నువ్వు ముసలమ్మని తిట్టిన తిట్లన్నీ ఇందులోనే ఉన్నాయి. దగ్గర పెట్టుకుంటే పిల్లలు భయపడరు."

"నువ్వైనా భయపడితే చాల్లేరా" అని అక్క గుత్తి నడుముకి దోపుకుంది.

అప్పుడు స్విచ్ వేశాడు. ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. ఇసక్కి తీగలన్నీ పీకి మళ్లీ పెట్టాడు. డబ్బాని బుజ్జగించాడు. చివరికి చిప్పు అమ్మినాయనకి ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, బోర్డు పాతది కదా, కొత్త చిప్పు మొహం దానికి తెలీదు. పాత చిప్పుతో ఆన్ చేసి, బోర్డుని లేపే ప్రోగ్రాం, అదే బయాస్, కొత్తది ఎక్కించి, ఆ తర్వాత మార్చాలి. చిటికెలో పని. పాతది దగ్గరుంది కదా?"

"దగ్గరే ఉందన్నా."

అబద్ధం కాదు. అక్క నడుము దగ్గర ఊగుతోంది.

పూజ చేయించి తెస్తానని గుత్తి అడిగి తీసుకెళ్లి, చిల్లుతో సహా పెట్టి చూశాడు. అయ్యనార్‌కి మొక్కాడు, మారియమ్మకి మొక్కాడు, ఆ చీకటి తెరలో ఎక్కడో ఉన్న మురుగన్‌కీ మొక్కాడు. ముసలమ్మ మాట్లాడలేదు. చిప్పు మళ్లీ గుత్తికి తగిలించి అక్కకి ఇచ్చేశాడు. అలాంటి పాత చిప్పు ఇంకోటి కోయంబత్తూరులో వెతికించి పంపుతానన్నాడు చెన్నై ఆయన. ఆడి నెల కొరియర్ కోసం ఆగుతుందా?

"ఏమైందిరా దీనికి?" అన్నాడు రత్నసామి, అక్క ఎదురుగానే.

"బోర్డు పాతదయ్యా."

అదీ అబద్ధం కాదు. కానీ అక్క వైపు చూడలేకపోయాడు. ఆవిడేమో బోర్డు మీద చెయ్యేసి, "పాపం, దీని తప్పేముందిలే" అంది.

రత్నసామి డిస్కు తీయించి, ఫైలు ఇసక్కి కంప్యూటర్లో పెట్టించాడు. ఆడి పండక్కి ముందురోజు తవమణి తలస్నానం చేసే వచ్చింది. కొత్త పలక ముందు కూర్చుని, పెన్ను కళ్లకద్దుకుని, ఒక గీత గీసింది. కనుపాప పోయి చెవి దగ్గర పడింది. చెరిపింది. మళ్లీ గీసింది. మూడోసారి పెన్ను కింద పెట్టేసి లేచింది.

"నువ్వే పెట్టరా ఇసక్కీ."

"నాకేం వచ్చక్కా!"

"ఎవరో ఒకరు పెట్టాలి కదా. గుడ్డిదేవుణ్ని పంపుతామా?"

వాడు పెట్టాడు. క్యాలెండర్ అచ్చయింది. నెమలి మీద మురుగన్, ఎవరి కుర్చీ కిందో టపాకాయ పెట్టేసి ఏమీ ఎరగనట్టు నిలబడ్డ కుర్రాడిలా ఉన్నాడు. ఏజెంట్లకి తెగ నచ్చాడు.

తర్వాతి వారం చిప్పు వచ్చింది. పాత ఇనుము వాడు ఇంకా రాలేదు. ఇసక్కి డిస్కు తిరిగి బిగించి, బయాస్ ఎక్కించి, చిప్పు మార్చి, ఫైలు నొక్కాడు. వేలు తీసేలోపల కిరీటం, నెమలి, వేలాయుధం అన్నీ ఒక్కసారే వచ్చేశాయి. తెల్లకళ్లతో. చూపిద్దామని పక్కకి తిరిగాడు. అక్క కుర్చీలో కాగితాల కట్టలున్నాయి; రత్నసామి ఆవిణ్ని అన్నట్టే ఇంటికి పంపేశాడు.

ఆ సాయంత్రం అక్క ఇంటికెళ్లాడు. గోడకి ఆ క్యాలెండరే ఉంది.

"ఈ చూపు ఎక్కడో చూశానురా" అంది అక్క, వాడి ముఖంలోకి చూస్తూ.

వాడు చెప్పేశాడు. చిల్లు సంగతి, పూజ సంగతి, బోర్డు సంగతి. చెప్పి తలొంచుకుని, "తిట్టక్కా" అన్నాడు.

తవమణి తాళాలగుత్తి తీసి, చిప్పుని చాలాసేపు అటూ ఇటూ తిప్పింది.

"తిట్లన్నీ ఇందులోనే ఉన్నాయన్నావు కదరా. చిల్లు పెట్టేశావు. ఇంకెక్కణ్నుంచి వస్తాయి?"

వాడు నవ్వబోయాడు. అక్క నవ్వలేదు.