చివరి పేరా

బీన్స్ తుంచుతుంటే ఎడిటర్‌గారి ఫోన్ వచ్చింది. "ఆదివారానికి పెద్దాయన ఎగ్జిబిషన్ మీద రాసివ్వండమ్మా, ఆరువందల మాటలు. ప్రకటనలొస్తే కింద కొంచెం కోస్తాం, ఏమనుకోకండి." ముప్ఫయ్యేళ్ళుగా ఏమీ అనుకోలేదు. మా పేపర్లో చోటు చాలకపోతే వ్యాసాన్ని చదివి కోయరు, కిందినుంచి కోస్తారు.

పెద్దాయన చిత్రకారుడు. ఆయన గీసిన గుర్రాలు లేని బ్యాంకు మా ఊళ్ళో లేదు. పైగా మావారి స్నేహితుడు. "వాడి గురించి నాలుగు మంచి ముక్కలు రాయి. ఎప్పుడూ ఆ ఆడవాళ్ళు గీసిన బొమ్మలేనా?" అన్నారు మావారు, ఇస్త్రీకి చొక్కా నా చేతిలో పెడుతూ. అత్తగారు బతికుండగా, "గోడలు చూసినందుక్కూడా జీతమిస్తారుటే?" అని నవ్వేవారు. నేనూ నవ్వేసి, వండి, అందరికీ వడ్డించి, మిగిలింది తిని, అప్పుడు రాసుకునేదాన్ని. ఆడ చిత్రకారుల కోసం నిలబడ్డ విమర్శకురాలినని సభల్లో పొగిడారు కూడా. నమ్మాను.

గ్యాలరీలో గుర్రాలు హాలంతా పరుచుకున్నాయి. మెట్ల కింద, గొడుగులు పెట్టేచోట, పదకొండు చిన్న బొమ్మలున్నాయి. అన్నీ ఒకే వంటింటి కిటికీలోంచి చూసినవి: పక్కింటి గోడ, తుప్పు పట్టిన పైపు, ఆరేసిన దుప్పటి. ఆ దుప్పటి తెలుపులో ఎన్ని రంగులున్నాయో, కదలలేకపోయాను. స్టూలు మీద కూర్చున్న అరవయ్యేళ్ళావిడ లేచి నిలబడింది.

"పదేళ్ళ కిందట కూడా మీరు నా బొమ్మ ముందు ఇలాగే నిలబడ్డారండీ. ఆదివారం పేపరు రెండు కొన్నాను. నా పేరు లేదు. మీకు నచ్చలేదేమో అనుకుని బ్రష్షులు అటకెక్కించేశాను. పోయినేడే దింపాను."

ఆ వ్యాసం గుర్తొచ్చింది. రాశాను. ఎనిమిది వాక్యాలు రాశాను. చివరి పేరాలో.

ఇంటికొచ్చి నా పాత వ్యాసాల కాగితాలన్నీ తీసి చూశాను. ఆడవాళ్ళందరూ అక్కడే, అట్టడుగున. ఎడిటర్ మీద కంటే నా మీద నాకే ఒళ్ళు మండింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫర్వాలేదంటారు. వడ్డించేవాడు మనవాడు కాడని తెలిసీ వాళ్ళని కడబంతిలో కూర్చోబెట్టింది నేనే. ముందు మగవాళ్ళకి పెట్టే చెయ్యి కదా, కాగితం మీద కూడా అలాగే పెట్టింది.

ఆరువందల మాటలూ రాశాను. మొదటి ఐదువందలు కిటికీ బొమ్మలావిడకి. పెద్దాయన గుర్రాల గురించి చివరి పేరాలో నిజాయితీగా, మంచిగానే రాశాను.

ఆదివారం పొద్దున మావారు పేపరు రెండుసార్లు తిరగేశారు.

"వాడి పేరెక్కడా లేదేంటి? ఇప్పుడు నేను వాడికి మొహం ఎలా చూపించను? ఎవరీవిడ అసలు?"

"ఆయన గురించి రాశానండీ. కింద చోటు చాలక తీసేసినట్టున్నారు."

"అంత పెద్ద ఆర్టిస్టుకి చోటు చాలకపోవడమేంటి!"

"ఏమనుకోవద్దని చెప్పండి. మేం ముప్ఫయ్యేళ్ళుగా ఏమీ అనుకోలేదు."

ఆయన ఫోన్ మోగింది. పెద్దాయనే. మావారు ఫోన్‌కేసీ నాకేసీ చూశారు, నేను మాట్లాడతానేమోనని. టిఫిన్ సిద్ధంగా ఉంది. "మీరే ఎత్తండి" అని, కంచం పెట్టుకుని ముందు నేను తినడానికి కూర్చున్నాను.